సొంతపట్టీ

సంచిపిల్లలను దించేసి డ్రోన్‌బండి వెళ్లిపోయేసరికి బాగా పొద్దెక్కింది. రవళి పెట్టె మూత తీసి చూసింది. నాలుగు గొర్రెపిల్లలు, నాలుగూ ఒకే పోలిక. ఏ తల్లీ నాకని ఒళ్లు, ఎవరిని చూసి అరవాలో తెలియని ముఖాలు. 2084లో గొర్రెపిల్లలు గొర్రెలకే పుట్టాలన్న నియమమేమీ లేదు. పట్నం పక్కన ప్రయోగశాలల్లో కృత్రిమ గర్భసంచుల్లో పెరిగి, చిన్న రైతుల దొడ్లకు ఇలా పార్సిల్‌గా వచ్చిపడుతున్నాయి. వాటికి రోగాలు తక్కువ, ఉన్ని ఎక్కువ. లేనిదల్లా తల్లి.

ఆ లోటు తీర్చడానికే సొంతపట్టీ వచ్చింది. ఈనిన గొర్రె తన పిల్లను వాసనతో గుర్తుపడుతుంది. పరాయిపిల్ల పొదుగు దగ్గరికొస్తే కుమ్మి తరిమేస్తుంది. వెనకటి కాపరులు చచ్చిపోయిన పిల్ల తోలు ఒలిచి, దిక్కులేని పిల్లకు తొడిగి, తల్లిని మభ్యపెట్టేవాళ్లు. వనజాక్షి అనే నాడీశాస్త్రవేత్త ఆ తోలు బదులు వేలెడు వెడల్పు పట్టీ తయారుచేసింది. పిల్ల కాలికి కడితే దాన్నుంచి సన్నటి మమకార తరంగం వెలువడుతుంది. దగ్గరున్న ప్రాణి మెదడులో తల్లిప్రేమ పుట్టించే ఆక్సిటోసిన్ ఊరుతుంది. ఎదుట ఉన్నది నాదే అనిపిస్తుంది. ఎందుకు నాదో అడిగే తీరిక ఆ ప్రాణికి ఉండదు.

ప్రాణి అంటే మనిషి కూడా కదా. అందుకే మనుషులెవరూ దాన్ని కట్టుకోకూడదని చట్టం చేశారు. చట్టం చేశారు కనుక పట్నంలో చాటుగా అమ్ముతున్నారు. అత్తారింటికి వెళ్లే కోడళ్ల నుంచి ఓట్లడిగే నాయకుల దాకా అందరూ కొంటున్నారని చెప్పుకుంటారు. నిజమెంతో ఎవరికి తెలుసు!

చుట్టుపక్కల మందల పట్టీలు చెడిపోతే రవళి దగ్గరికే వస్తాయి. చేతిలో స్క్రూడ్రైవర్ లేకపోతే ఆమెకు తోచదు. విరిగిన డ్రోన్ రెక్కతో పాలసీసాల స్టాండు చేసింది. పాత సోలార్ పలక చట్రంతో మేతతొట్టి చేసింది. ఆ ఉదయం కూడా పట్టీల పని ముందేసుకుని కూర్చుంది. అప్పుడే వచ్చింది చెల్లెలు కీర్తన, ఉరుములేని పిడుగులా.

పన్నెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. తండ్రి బీరేశం పోయాక మందా, మేతబీడూ సగం సగం పంచుకున్నారు. కీర్తన తన సగం మందను మాంసం ఫ్యాక్టరీకి తోలేసింది. "నాయిన సాకిన మందను కోతకు పంపినవ్. నా గడప తొక్కకు" అంది రవళి. కీర్తన తొక్కలేదు. ఇప్పుడు మేతబీడు వంతు వచ్చింది. తన సగం బీడును కూడా అదే ఫ్యాక్టరీకి ఇచ్చేస్తున్నట్టు కీర్తన కబురు పెట్టింది. రేపు కంచె వేస్తారు. మిగిలిన సగంలో మంద బతకదు. అంటే రవళి గొర్రెలకు ఇదే ఆఖరి ఏడాది.

ఇలాంటి మనిషి ఎదురైతే ఏమేం అనాలో రవళి ఎన్నోసార్లు లోలోపల అనుకుని పెట్టుకుంది. తీరా కీర్తన దొడ్డి గేటు దాటి, ఎండలో చెమటలు కారుతూ ముందుకొచ్చి నిలబడితే, నోటివెంట వచ్చిన మాట వేరు.

"తిన్నవానే?"

అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. రొట్టె పెట్టింది, పెరుగు పోసింది. చెల్లెలి జుట్టు నెరవడం చూసి గుండె తరుక్కుపోయింది. నిన్నటిదాకా తిట్టుకున్నదానిపై ఈ ప్రేమ ఎక్కణ్నుంచి ఊడిపడిందో రవళికి అంతుపట్టలేదు.

కీర్తన వాలకం కూడా అలాగే ఉంది. ఒక సంచిపిల్లను ఒళ్లోకి తీసుకుని సీసాతో పాలు పట్టింది. చివరికి తలెత్తకుండానే అంది.

"అక్కా, బీడు ఇయ్య."

"ఏందీ?"

"ఫ్యాక్టరోల్లకు ఇయ్యనంటున్న. మంద నీదే, బీడు నీదే. ఆఖరుసారి మొఖమ్మీద చెప్పి పోదామనే వచ్చిన. గేటు దాటి నీ ముంగట నిలవడంగనే ఏమైందో నాకే సమజైతలేదు."

రవళి చేతులు కడుక్కునే నెపంతో తొట్టి దగ్గరికి వెళ్లింది. గాజులు పైకి తోసుకుంది. గాజుల మధ్య నల్లటి పట్టీ, దాని మీద ఆకుపచ్చ దీపం.

పొద్దున బాగుచేసిన పట్టీ గొళ్లెం బిగిసిందో లేదో చూద్దామని అలవాటుగా మణికట్టుకు పెట్టుకుంది. తీయడం మరిచింది.

ఓయమ్మో, అనుకుంది రవళి. అంటే బీడు ఇచ్చింది కీర్తన కాదు, ఈ పట్టీ! గొర్రె కసాయిని నమ్మినట్టు తన చెల్లెలు తనను నమ్మింది. పట్టీ లాగేసి కొంగులో దాచుకుని, కొట్టం వెనక్కి పోయి, దొడ్డిని కనిపెట్టుకుని ఉండే యంత్రాన్ని పిలిచింది. దాని పేరు కాపరి. అది ఎప్పుడూ పుస్తకం చదివినట్టే మాట్లాడుతుంది.

"పట్టీ ఇప్పేస్తే మమకారం పోతదా?" మెల్లగా అడిగింది.

"పోదు. ఒకసారి కలిగిన మమకారం పట్టీ తొలగించిన పిదప కూడా నిలుస్తుంది. గొర్రెల విషయంలో ఇది నిరూపితమైనది."

అంటే నోరు మూసుకుంటే చాలు. బీడు దక్కుతుంది, మంద దక్కుతుంది, చెల్లెలూ దక్కుతుంది. ఎవరికీ తెలియదు. రవళి ఒక్క నిమిషం సంతోషపడింది కూడా. అంతలో కొట్టం అవతల నుంచి "అక్కా, ఈ పిల్లకు ఇంకిన్ని పాలు పట్టన్నా?" అని పిలుపు వినిపించింది. ఆ పిలుపు తనకా, పట్టీకా? ఇక బతికినంతకాలం కీర్తన అక్కా అన్నప్పుడల్లా ఇదే అనుమానం. రవళి నేరుగా వెళ్లి పట్టీని చెల్లెలి ముందు పడేసింది.

"కీర్తీ, ఇది నా చేతికున్నది. కావాల్నని పెట్టుకోలే, మర్శిపోయిన. నువ్వన్న మాట నీది కాదు. బీడు సంగతి మళ్ల సోంచాయించుకో."

కీర్తన పట్టీ వంక చూసింది, అక్క వంక చూసింది. కోపం వస్తుందనుకుంటే నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు. పొడుగు చేతి జాకెట్టు పైకి మడిచింది. మోచేతి కింద అచ్చం అలాంటిదే పట్టీ, అచ్చం అలాంటి దీపం.

"పట్నంల కొన్న. నువ్వు గేటు కాడ్నే ఎల్లగొడ్తవని భయమైంది. ఒక్కసారన్న నీ చేతిరొట్టె తిని పోదామని..."

"దొంగదానా! అయితే నాకు పొద్దటి సంది పానం గుంజింది నీ పట్టీకా?"

"మరి నా మనసు మారింది నీ పట్టీకి కాదా?"

ఎవరి ప్రేమ ఎవరి పట్టీదో తేల్చుకోలేక ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు. సంచిపిల్లలు కూడా గొంతు కలిపాయి. ఆ గోల మధ్య కాపరి అడగకుండానే మాట్లాడింది.

"సవరణ. వచ్చినవారు గేటు దాటింది మొదలు ఈ దొడ్డిలో మమకార తరంగమేదీ నమోదు కాలేదు. సమీపంలో ఉన్న రెండు పట్టీలు ఒకదానినొకటి అణచివేస్తాయి."

రవళి నెత్తి కొట్టుకుంది. ఆ సంగతి ఆమెకు తెలియనిదా? ఒక్కో సంచిపిల్లను ఇనుపజాలీ గదిలో విడిగా కట్టేది అందుకే కదా! గొర్రెల విషయంలో గుర్తున్నది మనుషుల దగ్గరికొచ్చేసరికి గుర్తుకు రాలేదు.

పట్టీ మీద నెట్టేయడానికి ఇక ఏమీ మిగల్లేదు. తిన్నవానే అన్నది రవళే. బీడు ఇయ్యనన్నది కీర్తనే. ఆ ముక్క తెలిశాక ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూడాలంటే సిగ్గు ముంచుకొచ్చింది. ఈ ప్రేమ ఇన్నాళ్లూ ఉన్నదేనా? ఉంటే ఆ పన్నెండేళ్లు ఏం చేసినట్టు? కీర్తన పట్టీ విప్పి పక్కన పెట్టి, చీర దులుపుకుని లేచింది.

"పోత మరి," అంది, పరాయిదానిలా.

రవళికి భయం వేసింది. ఉండవే అనే మాట నోటిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. చుట్టూ చూసి, తన పట్టీని తీసి మణికట్టుకు బిగించుకుంది. రెండోదాన్ని చెల్లెలికి అందించింది.

"కట్టుకో."

"పనిచెయ్యయ్ గదక్కా."

"నాకెర్కనే. కట్టుకో."

కీర్తన కట్టుకుంది. కట్టుకోగానే వచ్చి అక్క పక్కన కూలబడి, భుజం మీద తల వాల్చి, వెక్కివెక్కి ఏడ్చింది. రవళి ఆమె నెరిసిన జుట్టు నిమిరింది.

"సవరణ. రెండు పట్టీలు..." అంటూ కాపరి మొదలుపెట్టింది.

"నువ్వు సప్పుడు చెయ్యకు," అన్నారిద్దరూ ఒకేసారి.

కాసేపటికి రవళి అడిగింది. "రేపు ఫ్యాక్టరోల్లు కంచె తీస్కొస్తరు. ఏం చెప్తవే?"

"ఏమున్నది?" కీర్తన ముక్కు చీది, మోచేతి కింద పట్టీని ఇంకాస్త బిగించుకుంది. "మా అక్క పట్టీ కట్టి నా మతి పోగొట్టిందని చెప్త."