సక్కుబాయి కొట్టంలో సముద్రం

గౌలిపురలో సక్కుబాయి కొట్టమంటే పొద్దుగూకితే ఎవరూ అటు పోయేవారు కాదు. పాలమ్ముకుని బతికిన మనిషి, అందులోనే చచ్చిపోయిందట. రాత్రిళ్లు తెల్లగా ఏది కనిపించినా పాలనుకొని వస్తుందని... అక్కడివాళ్ల మాట. నేను చూడలేదు. వైకుంఠం చెప్పగా విన్నదే ఇది. జరిగింది డెబ్బై మూడులోనో, డెబ్బై నాలుగులోనో.

వైకుంఠం దుకాణాల బోర్డులు రాసేవాడు. పాతబస్తీలో ఏ గల్లీలో తలెత్తినా అతని అక్షరాలే. అన్నీ ఊళ్లోవాళ్ల పేర్లే, ఒక్కచోటా తన పేరు లేదన్నదే అతని ఏడుపు. అందుకే ఫొటో స్టూడియో నడిపే రాహేలమ్మ, ఫొటో దిగేవాళ్ల వెనక కట్టడానికి వెన్నెల సముద్రం పరదా కావాలనగానే, బొమ్మ కింద తన పేరు రాసుకోవచ్చని ఎగిరి గంతేశాడు. అంత పెద్ద గుడ్డ వేలాడదీయడానికి చోటు దొరికింది ఆ కొట్టంలోనే.

చిక్కేమిటంటే... మనవాడు సముద్రం చూడలేదు. ఆమెదేమో బందరు. మొదటిసారి వచ్చి చూసి, "ఇది సముద్రం కాదయ్యా, తారురోడ్డు," అనేసింది. రెండోసారీ అదే మాట. "ఆదివారం పొద్దున వస్తా. అప్పటికీ కుదరకపోతే నయాపూల్ పెయింటర్‌కి ఇచ్చేస్తాను."

ఆకాశం కుదిరింది, అలలు కుదిరాయి. నీళ్ల మీద పడే వెన్నెల మాత్రం కుదిరి చావదు. తెల్లరంగులో అవిసెనూనె కలిపి పూస్తే సున్నం పట్టీలా కనిపిస్తుంది. వానాకాలం, అదైనా ఆరుతుందా! పైగా పొద్దున వచ్చి చూస్తే... ఆ తెలుపంతా చెరిగిపోయి ఉంది. తిట్టుకుంటూ మళ్లీ వేశాడు. మర్నాడూ అంతే.

"సక్కుబాయే," అంది పక్కింటి నీలమ్మ గుసగుసగా. "పాలనుకుంటున్నది. ఇడిసిపెట్టి పోరాదన్నా."

"దయ్యమైతే నాకేంది! నా పరదా జోలికెందుకు రావాలె?" వైకుంఠానికి భయం కన్నా మంటే ఎక్కువ.

శనివారం మళ్లీ వేసి, దీపం ఆర్పి, మూలకు కూర్చున్నాడు — చేతిలో టార్చి.

చాలాసేపు ఏమీ లేదు... దోమలు తప్ప. తర్వాత — ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. పరదా కదిలింది. తడిగుడ్డతో గోడ రుద్దుతున్నట్టు చప్పుడు... ఆగింది... మళ్లీ మొదలైంది.

"సక్కవ్వా..." అన్నాడు మెల్లగా. "రేపు పొద్దుగాల దాంక ఆగు..."

చప్పుడు ఆగింది. చీకట్లో రెండు కళ్లు ఇటు తిరిగాయి. వాటి కింద తెల్లటి మూతి —

టార్చి వేశాడు.

బర్రె! వెనకింటి పాల బీరయ్య బర్రె. గోడ కూలిన సందులోంచి దూరింది. రోజూ అవిసెచెక్క తినే నోరాయె, ఆ నూనె వాసనకు సముద్రాన్ని నాకుతోంది.

వైకుంఠం అరుపులకు బీరయ్య లేచొచ్చాడు. వచ్చి, "గా రంగు తిని నా బర్రెకేమన్నయితే నీదే పూచీ!" అని ఎదురు లొల్లి పెట్టి, దాని మూతి తుడిచి తోలుకుపోయాడు.

మళ్లీ వేయడానికి రంగూ లేదు, ఓపికా లేదు. తెల్లారి రాహేలమ్మ వచ్చేసరికి వైకుంఠం తల దించుకుని కూర్చున్నాడు.

ఆమె పరదా ముందు నిలబడిపోయింది. బర్రె నాలుక ఈడ్చినచోట తెలుపు, నీళ్ల నలుపులోకి పాయలుపాయలుగా చెదిరి ఉంది.

"ఇదేనయ్యా," అంది. "మా బందరులో వెన్నెల ఇలాగే విరుగుతుంది. ఎలా పట్టుకున్నావు?"

అతను నోరు తెరిచేలోపే, "కింద నీ పేరు రాయి. పెద్దగా రాయి," అంది.

"మరి రాసినవా?" అని అడిగాను నేను.

"రాసిన. జిందగీ మొత్తం గదే కోరుకుంటి గద." వైకుంఠం మొహం మాడ్చుకున్నాడు. "దయ్యం చెరిపిందంటే మంది కూసోవెట్టుకొని ఇంటరు. బర్రె నాకిందని ఎవనికి చెప్పాలె, భాయ్?"