ఇంటిసాక్షి

పడవబస్సులో ఇంకా నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి. అయినా ఆ పట్టుచీర ఆవిడ సరాసరి సాకేత్ దగ్గరికే వచ్చి, "కాస్త లేస్తారా? నాకు కిటికీ పక్కన కావాలి" అంది.

"అట్టాగేనమ్మా" అని సాకేత్ లేచి, పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

హారికకు ఒళ్ళు మండిపోయింది. "ఏమ్మా, అవతల అన్ని సీట్లుంటే నీ కంటికి ఈయనే ఆనాడా? ఆయనకు మోకాలు బాగుండదు."

ఆవిడ సాకేత్ కుడిచెవి వెనకున్న నల్లమచ్చ వంక చూసింది. "బిళ్ళ ఉన్న మనిషికి లేని బాధ మీకెందుకండీ?" అని చక్కగా సర్దుకు కూర్చుంది.

ఏమంటుంది హారిక? ఎవరినని అంటుంది? పెదవరంలో బిళ్ళ ఉన్నవాళ్ళ బతుకే అంత. ఎవరైనా అడగడమే ఆలస్యం. భర్త చేతిలోని సంచి తను తీసుకుని, "ఇటొచ్చి కూర్చో బావా" అంటూ అతన్ని వెనక సీటుకు తీసుకుపోయింది. అతను "అట్టాగే" అని వచ్చి కూర్చున్నాడు.

కృష్ణ కరకట్టలు రెండుసార్లు తెగి, సముద్రం పొలాల్లోకి వచ్చి, బిందెడు మంచినీళ్ళ కోసం మనుషులు మనుషుల్ని పొడుచుకున్న రోజుల్లో పుట్టింది ఈ ఒద్దిక బిళ్ళ. కందిబద్దంత ఉంటుంది. చెవి వెనక చర్మం కింద పెడతారు. మనిషిలో కోపమో, ఎదురు చెప్పాలన్న ఊపో లేవగానే అది కనిపెట్టి అక్కడికక్కడే చల్లార్చేస్తుంది. బిళ్ళ ఉన్నవాడు తింటాడు, నవ్వుతాడు, లెక్కలు చూస్తాడు, పెళ్ళిళ్ళలో వడ్డిస్తాడు. 'కాదు', 'లేదు' అనే మాటలు మాత్రం అతని నోట రావు. మొదట హంతకులకు పెట్టారు. ఊరంతా సంతోషించింది. తర్వాత కొట్లాడినవాళ్ళకు పెట్టారు. అప్పుడూ మంచిదేనంది. ఆ తర్వాత కొట్లాట వచ్చేలా మాట్లాడేవాళ్ళకూ పెట్టారు. అప్పటికి ఏదైనా అనడానికి ఊళ్ళో నోరున్నవాళ్ళు తగ్గిపోయారు. నిజం చెప్పొద్దూ, ఊరు చల్లబడింది. ఆడపిల్లలు ఒంటరిగా తిరుగుతున్నారు, రేవులో బూతులు వినబడటం లేదు. ఆ సంగతి హారిక కూడా కాదనదు.

కానీ ఆమె మొగుణ్ణి ఆమెకు కాకుండా చేసింది ఆ కందిబద్దే.

పాతికేళ్ళు వాళ్ళది బుర్రకథ దళం. నడుమ తంబుర పట్టుకుని కథ చెప్పేది హారిక. ఎడమవైపు హాస్యం చెప్పే వంత ఆమె అక్క ధన్య. కుడివైపు గుమ్మెట కొడుతూ రాజకీయం చెప్పే వంత సాకేత్. కథ ఏ కాలంనాటిదైనా సరే, మధ్యలో అడ్డుపడి దాన్ని ఇవాళ్టి పెద్దమనుషుల మెడకు చుట్టడం కుడివంత పని. ఆ పనిలో సాకేత్‌ను మించినవాడు ఈ ఏటి పొడవునా లేడు. కాదనడమే అతని వృత్తి. మూడేళ్ళ కిందట నీళ్ళ పంపకం మీద ఒక చెణుకు విసిరాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. మర్నాడు పొద్దున్నే ఒద్దిక కార్యాలయం మనుషులొచ్చి తీసుకెళ్ళారు. నాలుగో రోజున చెవి వెనక మచ్చతో, మొహం నిండా చిరునవ్వుతో ఇంటికొచ్చాడు. ఆ ఏడాదే ధన్య పోయింది. దళం ఆగిపోయింది.

హారిక మాత్రం ఆగలేదు. లోపలెక్కడో తన బావ ఉన్నాడనీ, ఆ బిళ్ళ కింద నలుగుతూ అన్నీ వింటున్నాడనీ ఆమె గట్టి నమ్మకం. రోజూ అన్నం తినగానే అతని పక్కన చేరి, "లోపలున్నావా బావా? నా మాట వినబడుతోందా?" అని అడిగేది. అతను నవ్వుతూ "ఆఁ, వినబడుతోంది" అనేవాడు. బిళ్ళ ఉన్నవాడు ఇంకేమంటాడులే అని కళ్ళు తుడుచుకునేది. కొత్తగా కట్టిన పాటలన్నీ అతని చెవిలో మాత్రమే పాడేది. నీళ్ళ పంపకం మీద, బిళ్ళ మీద, ఆ బిళ్ళ పెట్టించిన పెద్దల మీద. బయట పాడితే ఇంకేమైనా ఉందా?

పోయిన నెల ఒద్దిక కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. హారికకూ బిళ్ళ పెట్టాలట. ఇంటిసాక్షి ఫిర్యాదు ఇచ్చాడట. ఇంటిసాక్షి అంటే అదే ఇంట్లో ఉంటూ సాక్ష్యం చెప్పే మనిషి. ఇక్కడ ఎవరో కాదు, సాకేత్. బిళ్ళ ఉన్నవాడికి పగా ద్వేషం ఉండవు కనుక అతని సాక్ష్యం కడిగిన ముత్యమని చట్టం. అడిగిందానికల్లా అవుననేవాడితో అవుననిపించుకుని దాన్ని సాక్ష్యమంటారా అని హారిక నెత్తీ నోరూ బాదుకుంది. ఎవరూ వినలేదు. ఇవాళ ఆఖరి విచారణ. సాక్షి తన మాట వెనక్కి తీసుకోకపోతే సాయంత్రానికల్లా ఆమె చెవి వెనకా మచ్చ పడుతుంది.

పడవబస్సు దిగుతూ హారిక అతని చొక్కా కాలరు సరిచేసింది. "నీ మీద నాకేం కోపం లేదు బావా. నీ చేత వాళ్ళు చేయించారు. అది నువ్వు కాదు" అంది.

సాకేత్ నవ్వి, "అట్టాగే" అన్నాడు.

*

విచారణ గదిలో బల్ల వెనక కౌముది అనే అధికారిణి కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మర్యాదకేం లోటు లేదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, ఆ తర్వాతే కాగితాలు తెరిచింది.

"అమ్మా, మీ వారు స్వయంగా రాసిన ఫిర్యాదు ఇది. మూడు పేజీలు. మీరు ఇంట్లో పాడే పాటలు పదకొండు రాసిచ్చారు. ఇవి మీవేనా?"

హారిక కాగితం అందుకుంది. అక్షరాలు సాకేత్‌వే. పాటలు తనవే. ఒక్క చరణం పోలేదు. తను చెవిలో పాడినవన్నీ వరసగా ఉన్నాయి. అయినా తల పైకెత్తింది.

"నావే. నేనే కట్టాను, నేనే పాడాను. ఈయన్ని మాత్రం అనకండి. మీవాళ్ళు అడిగుంటారు, ఈయన రాసుంటాడు. రాయనని అనలేడుగా పాపం."

"మేం అడగలేదండీ. ఫిర్యాదు తపాలాలో వచ్చింది."

"ఎవరో అడిగే ఉంటారు. వీధిలో ఎవరడిగినా చొక్కా విప్పిచ్చే మనిషమ్మా ఈయన ఇప్పుడు!"

కౌముది సాకేత్ వైపు తిరిగింది. "సాకేత్ గారూ, మీ మాట మీద మీరు ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

"ఆగండాగండి" అని హారిక లేచింది. ఆమె దగ్గర మిగిలింది ఒక్కటే ఆశ. "మీకు చేతులెత్తి మొక్కుతాను, నన్నొక్క ముక్క పాడనివ్వండి. చిట్టెమ్మ కథలో వరద ఘట్టం. అది ఈయనే రాశాడు. మేం కొన్ని వందల సార్లు చెప్పాం. అది వింటే ఈయనలో ఏదో ఒకటి కదులుతుంది. కదలకపోతే ఇహ మీ ఇష్టం. నోరెత్తను."

కౌముది గడియారం చూసుకుని, "త్వరగా కానివ్వండి" అంది.

తంబుర లేదు. సాకేత్‌ను పట్టుకెళ్ళిన నాడే జప్తులో పోయింది. హారిక బల్ల అంచు మీద వేళ్ళతో తాళం వేసుకుంది. వంతలు లేరు కనుక తందాన తానలు కూడా తనే అందుకుంది.

"పొంగెను వరదా పొర్లెను ఏరూ... తందాన తాన! ఊరి జనమంతా గట్టెక్కి ఏడ్వగ... తందాన తాన! చీరకొంగును నడుముకు చుట్టీ చిట్టెమ్మ దూకెను చెయ్యెత్తు నీటిలో..."

పాడుతున్నంతసేపూ ఆమె కళ్ళు సాకేత్ మొహం మీదే ఉన్నాయి. ఆ చిరునవ్వు చెక్కు చెదరలేదు. పాతికేళ్ళలో ఏనాడూ తడబడని హారికకు అది చూసి మాట తప్పింది.

"పడమటి లాకు తలుపులు పట్టీ..."

"కాదు, తూర్పు లాకు!" అన్నాడు సాకేత్.

చటుక్కున అనేశాడు. కథకురాలు తప్పితే జనం పసిగట్టేలోపే అందించాలి. కుడివంతకు అది ఊపిరి పీల్చడం లాంటిది. బుద్ధికి తెలిసేలోపే నాలుక పని కానిచ్చేసింది. మరుక్షణమే అతను నాలుక కరుచుకున్నాడు.



హారికకు మొదట పట్టలేనంత సంతోషం వచ్చింది. "బావా! అన్నావు! కాదన్నావు! ఓరి నా బావా, వచ్చావా? నేను చెప్పలేదూ లోపలున్నాడని!" అని అతని రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. సాకేత్ ఆమె మొహం చూడటం లేదు. నేల చూస్తున్నాడు. చెంపల మీదుగా చెమట కారుతోంది.

కౌముది లేచి, బిళ్ళను పరీక్షించే నాడీదర్శి తెచ్చి అతని చెవి వెనక ఆనించింది. దాని ముల్లు కదల్లేదు. ఇంకోసారి ఆనించి, బిళ్ళ ఆఖరుసారి పనిచేసిన లెక్క చూసింది.

"ఈ బిళ్ళ పనిచెయ్యడం లేదు" అంది మెల్లగా. "ఇవాళ ఆగింది కాదిది. చాలా నెలలైంది."

హారిక చేతులు అతని భుజాల మీదే ఉన్నాయి. ఆ మాట ఆమెకు ఒక్కసారిగా ఎక్కలేదు. ఒక్కొక్క నెలే వెనక్కి తిరిగి చూసుకుంది. చేతులు వాటంతటవే జారిపోయాయి.

"ఎప్పట్నుంచి?" అంది.

సాకేత్ చొక్కా అంచుతో చెమట తుడుచుకున్నాడు.

"నిన్నే అడిగేది. ఎప్పట్నుంచి?"

"వానాకాలంలో రేవులో జారి పడ్డానే... అప్పట్నుంచి."

ఎనిమిది నెలలు. ఆ రోజు తనే తల తుడిచింది. తనే పొడిబట్టలు కట్టించింది. బిళ్ళకు నీళ్ళు తగిలి నొప్పేమైనా పెడుతోందా అని కూడా అడిగింది. లేదన్నాడు. లేదనడం బిళ్ళ ఉన్నవాడికి చేతకాదని అప్పుడు తనకు తట్టనేలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది హారికా. చెబితే మళ్ళీ కొత్తది పెడతారు." అతని గొంతు పాతదే. మూడేళ్ళుగా ఆమె వినాలని చచ్చిపోతున్న గొంతు. "తర్వాత తర్వాత... ఏం చెప్పను? బాగుండేది. ఎవ్వరూ నన్ను నిలదీసేవాళ్ళు లేరు. తప్పు చేస్తే బిళ్ళ చేసిందనేవాళ్ళు. కుడివంతగా బతికినన్నాళ్ళూ ఒక్క పూట కంటినిండా నిద్రపోయానా నేను? ఎవడొస్తాడో, ఎప్పుడు పట్టుకుపోతాడో అని..."

"ఆ కాగితం?"

"నువ్వు రోజూ ఆ పాటలు పాడుతుంటివి. ఎవరన్నా వింటే మనిద్దర్నీ తీసుకుపోయి పరీక్ష చేసేవాళ్ళు. నాది చచ్చిపోయిందని తెలిసిపోయేది. నీకూ పెట్టిస్తే నువ్వు పాడవు, నన్నెవరూ చూడరు, ఇద్దరం ప్రశాంతంగా..."

"నోర్ముయ్!"

ఆ కేకకు బయట వరండాలో వాళ్ళు కూడా తొంగిచూశారు.

"రోజూ నీ పక్కన కూర్చుని ఏడ్చాను కదరా! లోపలున్నావా అని అడిగాను కదా! లోపల కాదు, ఎదురుగానే ఉన్నావు! నా మొహంలోకి చూస్తూ విన్నావు, లేచిపోయి రాసుకున్నావు. వీధిలో ఎవరు నిన్ను లేపినా నేను వాళ్ళ మీదికి దూకేదాన్నే, నీ మోకాలు నొప్పంటూ! నీకు సిగ్గనిపించలేదూ? ఒక్కసారి, ఒక్కసారైనా నా చెయ్యి పట్టుకుని నేనేనే హారికా అంటే సరిపోయేది కదా! చచ్చేదాకా ఎవరికీ చెప్పేదాన్ని కాదు కదా!"

సాకేత్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

కౌముది అతన్ని చూడటం లేదు. గోడకున్న పెదవరం పటం చూస్తోంది. పోయిన వానాకాలంలో దిగువ బస్తీలన్నీ మూడు రోజులు నీళ్ళలోనే ఉన్నాయి. బిళ్ళ ఉన్నవాళ్ళు అక్కడ ఆరువందల మంది. బిళ్ళ చెడిందని ఇప్పటివరకూ ఒక్కరూ వచ్చి చెప్పలేదు. బిళ్ళ తీయించుకోవాలని చూసేవాళ్ళను పట్టుకోవడానికి కార్యాలయం ఎన్నో ఉపాయాలు చేసింది. చచ్చిన బిళ్ళను పెట్టుకుని తిరిగేవాళ్ళుంటారని కలలో కూడా అనుకోలేదు.

ఆమె తేరుకుని, కాగితాల్లోంచి ఒకటి తీసింది. "అమ్మా, సాక్ష్యం చెల్లదు. అది లేకుండా మీ ఒప్పుకోలూ లెక్కలోకి రాదు, మీరు నిర్దోషి. ఇక సాకేత్ గారికి కొత్త బిళ్ళ పెట్టాలి. ఆయన మీద పాత తీర్పు మూడేళ్ళకే. ఆ గడువు పోయిన నెలతో తీరింది, ఈ విచారణ కోసం పొడిగింపు ఆపాం. కాబట్టి ఇప్పుడు కొత్తగా ఇంటిసాక్షి సంతకం కావాలి. ఆయన ఇంట్లో ఉన్నది మీరొక్కరే."

కలం హారిక ముందుకు జరిపింది.

సాకేత్ చప్పున కుర్చీ దిగి నేల మీద కూలబడి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. "వద్దు హారికా! వద్దే! నీ కాళ్ళు పట్టుకుంటా. మళ్ళీ అందులోకి తొయ్యమాకు. అది ఎట్టా ఉంటదో నీకు తెలవదు."

"నాకు పెట్టించబోయిన నీకు తెలుసుగా" అంది హారిక.

కలం చేతిలోకి తీసుకుంది. ఒక్క గీత గీస్తే చాలు. సాయంత్రానికల్లా మళ్ళీ ఆ చిరునవ్వు, ఆ 'అట్టాగే', పక్కింటివాళ్ళ జాలి. రేపట్నుంచి ఆమె మళ్ళీ అతన్ని క్షమించవచ్చు. ఏం చేసినా బిళ్ళ చేసిందనుకోవచ్చు. ఎంత తేలికో! అంత తేలిక అతనికి మళ్ళీ ఇవ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది. తను తీసుకోవడమూ ఇష్టం లేకపోయింది.

కలం బల్ల మీద పెట్టేసింది. "పెట్టను."

సాకేత్ ఆమె చీర కుచ్చిళ్ళలో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. "దేవతవే నువ్వు... ఇంటికి పోదాం పద..."

"కాళ్ళు వదులు."

అతను వదిలేశాడు.

కౌముది ఇబ్బందిగా, "నిరాకరణకు కారణం రాయాలండీ, ఇక్కడ గడి ఉంది. జాలితో అని రాయమంటారా?" అంది.

"జాలా?" హారిక కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇకమీదట ఈయన ఏం చేసినా ఈయనే చేసినట్టు. అందుకని రాసుకో తల్లీ."

ఆమె ఒక్కతే మెట్లు దిగి రేవుకు నడిచింది. వెనక నుంచి అతను పిలుస్తూనే ఉన్నాడు. మూడేళ్ళ ఎదురుచూపంతా ఒక్క పెట్టున గుర్తుకొచ్చి, రేవు రాతి మీద కూర్చుని పెద్దగా ఏడ్చింది. మొగుడు మోసం చేసినందుకు కొంత ఏడ్చింది. అంతకంటే ఎక్కువగా, బిళ్ళ కింద నలుగుతూ తన పాటలు వింటున్నాడనుకున్న ఆ రెండో మనిషి కోసం ఏడ్చింది. ఎనిమిది నెలలు ఆమె కాపురం చేసింది వాడితోనే. వాడు ఎక్కడా లేడు.