గదిలో ఇంకెవరూ లేరు కదా?

మనవరాలికి ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ ఇప్పిద్దామని మా అబ్బాయి అన్నప్పుడు నేను ఒప్పుకోలేదు.

"తెరలో బొమ్మకి చెప్పుకుంటే బెంగ తీరుతుందా? అదేదో నాకే చెప్పమను" అన్నాను.

"నీకు చెబితే నువ్వెక్కడ వింటావు నాన్నా, తీర్పు చెప్తావు" అన్నాడు వాడు.

మనవరాలిది ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగం. పొద్దస్తమానం ముక్కూ మొహం తెలియనివాళ్ల చేత తిట్లు తిని తిని, ఒకరోజు మానేసి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, మాట లేదు. తల్లి లేని పిల్ల. నా మొండితనం ఆ గోడ ముందు పనిచేయలేదు. సరే, కానివ్వమన్నాను.

వారానికోసారి సాయంత్రం లాప్‌టాప్ ముందు కూర్చునేది. గదిలో ఇంకెవరూ ఉండకూడదని ఆ మేడం షరతు. అందుకని నేను తలుపు బయట చాప పరుచుకుని, పేము కుర్చీలు అల్లుకుంటూ కాపలా కాసేవాణ్ణి. చీమని కూడా లోపలికి పోనివ్వలేదు. పిల్ల ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేది కాబట్టి మేడం మాట నాకు వినబడేది కాదు. దీని మాటే, అదీ గుసగుసగా.

గుణం మాత్రం కనిపించింది. తల దువ్వుకుంది. మారు వడ్డించుకుంది.

"తాతయ్యా, నీకూ అపాయింట్‌మెంట్ తీసుకోనా? మొండితనానికి మందుందేమో అడుగుతా" అని ఆటపట్టించింది. ఆ మాటతో నా కడుపు నిండింది.

ఆ వారం వాన. మా అబ్బాయి డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రానికే చీకట్లు కమ్మాయి. ఇల్లంతా చెమ్మ వాసన, నానబెట్టిన పేము వాసన. చూరు నుంచి నీళ్లు ఒకటే ధార. ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది.

"తాతయ్యా, మేడం నీతో ఒక్కమాట మాట్లాడతారట."

లోపలికి అడుగుపెట్టాను. పేము కిర్రుమంది. కూర్చున్న మనిషి లేచినప్పుడు అయ్యే చప్పుడు అది. మూలనున్న కుర్చీ వైపు చూశాను. ఖాళీ. ఎవరో పెద్దావిడ దాన్ని మరమ్మతుకిచ్చి మళ్లీ రాలేదు. కొత్త అల్లిక పూర్తిచేసి, బయట ఉంటే పాడవుతుందని ఈ కౌన్సెలింగ్ మొదలవకముందే ఈ గదిలో పెట్టాను.

పిల్ల ఇయర్‌ఫోన్స్ తీసేసింది. తెరలో కళ్లద్దాల మేడం నవ్వింది.

"బాగా కోలుకుంటోంది తాతగారూ. ఒక్క మనవి. ఇకనుంచి ఆ అమ్మగార్ని బయట కూర్చోమనండి. జవాబు చెప్పేముందు అమ్మాయి ప్రతిసారీ వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూస్తోంది."

"ఏ అమ్మగారు?"

"వెనక కుర్చీలో కూర్చుంటారే. నానమ్మగారేమో, ధైర్యానికి ఉన్నారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను."

నా భార్య ఈ పిల్ల పుట్టకముందే పోయింది. మనవరాలి వంక చూశాను. అది తల దించుకుంది.

"ఇప్పుడు... ఉందా?" గొంతు తగ్గించి అడిగాను.

"లేచి పక్కకి జరిగారుగా... మీకు చోటిచ్చి."

నేరుగా మూలకి వెళ్లాను. కుర్చీ ఎత్తాను. లోపలికి తెచ్చినప్పటి బరువు కాదది. ఎవరూ కూర్చోని కొత్త అల్లిక మధ్యలో గుంట పడి ఉంది. చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

వానలోనే పెరట్లోకి ఈడ్చుకెళ్లి, పేమంతా కత్తితో కోసిపారేశాను.

"ఇప్పుడెక్కడ కూర్చుంటావో కూర్చో, చూస్తాను" అన్నాను పైకే.

తిరిగొచ్చేసరికి గది తలుపు మూసి ఉంది. పిల్ల ఇయర్‌ఫోన్స్ మళ్లీ పెట్టుకోలేదేమో, మేడం గొంతు బయటికే వినిపిస్తోంది.

"అమ్మగారూ... అది అమ్మాయి కూర్చునే చోటండీ. కాస్త లేస్తారా? అమ్మాయేదీ?"

తలుపు మీద చెయ్యి వేశాను.

"నేనేనండీ."

మా పిల్ల గొంతే.

తలుపు తోశాను. గడియ వేసి లేదు. మనవరాలు ఒక్కతే, నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. తెర నల్లగా ఉంది.

"మేడం ఏమన్నారమ్మా?"

"నాకు నయమైపోయిందని చెప్పాను" అంది, తిరగకుండానే. "ఇక అక్కర్లేదన్నాను."

"ఇటు చూడు తల్లీ... ఒక్కసారి."

అది కూర్చున్నది చెక్క స్టూలు. మేకులు కొట్టి నేనే చేశాను. దాని మీంచి మెల్లగా లేచింది.

పేము కిర్రుమంది.