తాళం చేతికొచ్చేదాకా

"హత్యేనండీ ఇది! పట్టపగలు హత్య!" అన్నాడు స్కోర్ డాక్టర్.

అతని టేబుల్ మీద శవమేమీ లేదు. కంప్యూటర్ తెర మీద ఒక ఎర్ర గీత ఉంది. పదకొండు నెలల పాటు మెల్లమెల్లగా పైకెక్కి, పోయిన శుక్రవారం నిలువునా కిందపడిన గీత. ఒక నర్సు క్రెడిట్ స్కోర్ అది.

సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. సర్వీసంతా క్వార్టర్సులో గడిపిన మనిషి. ఎవరైనా ఇల్లు కొంటున్నారంటే ఆమెకి కడుపులో సన్నగా మండుతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఒప్పుకోవడానికి సిగ్గుపడదు కూడా.

"మొదట్నుంచీ చెప్పండి."

డాక్టర్ చెప్పాడు. అతను మందులిచ్చే డాక్టర్ కాదు. అప్పుల రికార్డు పాడైనవాళ్ళకి దాన్ని బాగుచేసి పెడతాడు. ఎదుటి వీధి హోమ్ లోన్ బ్రోకర్ తన క్లయింట్లను ఇతని దగ్గరికి పంపుతాడు. ఇతను స్కోర్ పెంచితే, అతను లోన్ ఇప్పిస్తాడు.

నర్సు అలాగే వచ్చింది. వదిలేసి పోయిన మొగుడు ఆమె పేరున ఎడాపెడా అప్పులు చేసి ఎగ్గొట్టాడు. వాటన్నిటినీ డాక్టర్ ఒక్కొక్కటిగా సరిచేయించాడు. ఇంటి లోన్ మంజూరైంది. నిన్న సోమవారం సంతకాలు. సంతకాలకి ముందు బ్యాంకు ఆఖరిసారి రికార్డు చూసింది. అందులో ఒక కొత్త అప్పు కనిపించింది. లోన్ ఆగిపోయింది.

"ఆ అప్పు ఆవిడ తీసుకున్నదేనా?"

"కాదని ఒట్టేసి చెబుతోంది."

"ఇచ్చిందెవరు?"

"ఫోన్‌లో వాయిదాల మీద వస్తువులు ఇప్పించే ఫైనాన్స్ కంపెనీ. గురువారం మధ్యాహ్నం రెండున్నరకి ఇచ్చారు. ఏ వస్తువు, ఏ షాపు అంటే, వివరాలకి మూడు పనిదినాలు పడుతుందన్నారు."

"మనకి ఎంత టైముంది?"

"సాయంత్రం ఐదు. ఇల్లు అమ్మే ఆయన అంతకంటే ఆగనన్నాడు. ఇది ఫలానా మనిషి చేసిన మోసం అని, పేరుతో సహా పోలీస్ కంప్లైంట్ కాపీ ఐదులోపు బ్యాంకుకి చేరితే లోన్ నిలబడుతుంది. పేరు లేకపోతే విచారణ, వాయిదాలు... ఇల్లు ఇంకొకరిదైపోతుంది."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసింది. పదిన్నర.

"ఆవిడ ఐడీ కాగితాలు మీ దగ్గరున్నాయా?"

"ఉన్నాయి. బ్రోకర్ దగ్గరా ఉన్నాయి. ఆయన్నే అడగండి." డాక్టర్ మొహం మాడ్చుకున్నాడు. "స్కోర్ కడిగి తుడిచి ఇచ్చేది నేను. కమీషన్ జేబులో వేసుకునేది ఆయన. ఆయన కారు చూశారా?"

"లేదు."

"చూడండి. కళ్ళు కుట్టకపోతే నన్నడగండి."

ఎవరి కళ్ళు కుట్టాయో తెలుస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టర్ లేచింది.

* * *

బ్రోకర్ ఆఫీసు అంతా అద్దాలే. బయట కారు నిజంగానే బాగుంది.

"ఆ డాక్టరా మేడమ్! ఇల్లు ఇప్పించేది నేను, జనం దణ్ణాలు పెట్టేది ఆయనకి. నా ఎదురుగానే! స్కోర్ పడిపోతే ఎవరికి లాభం? మళ్ళీ నెలనెలా ఫీజు ఎవరికి?"

"ఈ ఇంటికి ఇంకో బేరం వచ్చిందట?"

బ్రోకర్ కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. "వచ్చింది."

"తెచ్చిందెవరు?"

"నేనే."

"కమీషన్?"

"కాస్త... ఎక్కువే." వెంటనే అందుకున్నాడు. "ఆవిడదీ మొండిపట్టు మేడమ్. ఒంటరి మనిషివి, ఒక్క బెడ్‌రూమ్ ఇల్లు చాలు కదమ్మా, లోన్ ఎప్పుడో వచ్చేసేది అని నెత్తీనోరూ కొట్టుకున్నా. వింటేనా! రెండు బెడ్‌రూములే కావాలంది. ఎందుకమ్మా అంటే నవ్వి ఊరుకుంది."

"ఫైనాన్స్ కంపెనీ ఫోన్‌కి కోడ్ పంపుతుంది కదా. ఆ కోడ్ చెప్పకుండా అప్పు పుడుతుందా?"

"పుట్టదు."

అయితే కాగితాలు ఎవరి దగ్గరున్నాయన్నది కాదు ప్రశ్న. గురువారం రెండున్నరకి నర్సు ఫోన్ ఎవరి దగ్గరుంది?

* * *

మేడ మీద పక్కపక్కన రెండు అద్దె గదులు. ఒకదాంట్లో నర్సు. రెండోదాంట్లో ఆమె అక్క. పెళ్ళీగిళ్ళీ వద్దనుకుని కుట్టుమిషన్‌తోనే బతుకు వెళ్ళదీసిన టైలరమ్మ. మెళ్ళో కొలత టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది.

నర్సు నైట్ డ్యూటీ నుంచి వచ్చింది. నిద్రపోలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

తలుపుకీ మంచానికీ మధ్య కొత్త సోఫా ఉంది. ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు కూర్చుని మోచెయ్యి ఆనించబోయింది. అక్కడ ఆనడానికేమీ లేదు. పడబోయి సర్దుకుంది. ఏం ఫ్యాషన్లో ఏమో, అనుకుంది.

"దాని కొత్తింటికని నేనే కొన్నా మేడమ్. నా కష్టార్జితం. శనివారమే వచ్చింది," అంది అక్క మంచినీళ్ళిస్తూ. "ఇప్పుడు చూడండి. నోటి దగ్గరి ముద్ద లాగేసుకున్నారు పాపిష్టి వెధవలు!"

"గురువారం రెండున్నరకి ఏం చేస్తున్నారమ్మా?" అని నర్సునడిగింది ఇన్‌స్పెక్టర్.

"నిద్రపోతున్నా మేడమ్."

"ఫోన్?"

"అక్క దగ్గర. పగలు నేను పడుకుంటే అక్కే తీసి పెట్టుకుంటుంది. మోగితే నాకు మెలకువ వచ్చేస్తుందని."

"నా మిషన్ బల్ల మీదే ఉంది," అంది అక్క. "వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు. ఎవరు ముట్టుకున్నారో నాకేం తెలుసు? అన్నట్టు, ఆ బ్రోకరూ వచ్చాడు గురువారం. కోటు చేతులు పొట్టి చేయించుకోడానికి."

"ఎన్నింటికి?"

"భోజనాలయ్యాక."

బ్రోకర్ ఆ మాట చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్ లేచి తలుపు లాగింది. తలుపు సోఫా పక్కనుంచి వెంట్రుకవాసిలో తప్పుకుని తెరుచుకుంది.

కిందికి దిగి బ్రోకర్‌కి ఫోన్ చేసింది.

"కోటు సంగతి దాచారేం?"

"దాచడమేంటి మేడమ్? కోటు గురించి మీరడగలేదుగా! టైలరమ్మ కొలతలు తీసుకుంది, వచ్చేశా. ఫోన్ బల్ల మీద లేదు. ఆవిడ చేతిలోనే ఉంది, ఏదో నొక్కుతోంది. ఎవరిదో నాకేం తెలుసు?"

"ఆ కొత్తిల్లు ఒకసారి చూపించండి."

చూసింది. కిటికీల నిండా వెలుతురు. హాలు ఎంత విశాలంగా ఉందో చూస్తే ఆమె కడుపు మళ్ళీ మండింది. ఇక్కడ సోఫా ఎక్కడ వేస్తారో ఊహించుకుంది. ఆ గోడకైనా వెయ్యొచ్చు, ఈ గోడకైనా వెయ్యొచ్చు.

మెయిన్ డోర్ తీసింది. వేసింది. మళ్ళీ తీసింది.

"తలుపు బానే ఉంది మేడమ్," అన్నాడు బ్రోకర్ అయోమయంగా.

"బానే ఉంది. దేనికీ అడ్డం లేదు," అంది ఇన్‌స్పెక్టర్. "నాలుగింటికి అందరూ నర్సు గదికి రండి."

* * *

నాలుగింటికి అందరూ వచ్చారు. ముందుగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ సోఫా కిందికి తొంగి చూసి, అక్కడ అంటించిన షాపు నంబరుకి ఫోన్ చేసి, మాట్లాడి పెట్టేసింది. ఏం మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు.

"కూర్చోండి."

డాక్టర్, నర్సు, బ్రోకర్ వరసగా సోఫాలో కూర్చున్నారు. బ్రోకర్ తలుపు వైపు మోచెయ్యి ఆనించబోయి పక్కకి ఒరిగిపోయాడు.

"అదీ!" అంది ఇన్‌స్పెక్టర్. "పొద్దున నేనూ అలాగే పడబోయాను. ఈ సోఫాకి ఒకవైపే చెయ్యి ఉంది. ఎందుకని?"

బ్రోకర్ సర్దుకుని కూర్చున్నాడు.

"రెండో చెయ్యి ఉంటే ఈ తలుపు తెరుచుకోదు. ఇది కొత్తింటి కోసం కొన్న సోఫా కాదు. ఈ గదికి కొలిచి చేయించిన సోఫా. షాపువాణ్ణి అడిగాను. తలుపు వైపు చెయ్యి వద్దని మెళ్ళో టేపు వేసుకున్న ఒకావిడ పది రోజుల కిందటే ఆర్డరిచ్చిందట. గురువారం డబ్బు చేరిందట. ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ."

నర్సు మెల్లగా తలెత్తింది.

"వారంలో ఇల్లు మారిపోయే మనిషికి, ఖాళీ చేసే గదికి సరిపోయేలా సోఫా ఎవరు చేయిస్తారు? ఆ మనిషి ఎక్కడికీ మారదని తెలిసినవాళ్ళే చేయిస్తారు. ఫోన్ చేతిలో ఉంది. కోడ్ వచ్చింది. తర్వాత మెసేజీలు చెరిపేశారు. అంతే."

"ఆవిడకి తెలుసు!" డాక్టర్ లేచి నిలబడ్డాడు. "మొదటి రోజు చెల్లెలి పక్కనే కూర్చుంది. తాళం చేతికొచ్చేదాకా సూది కూడా వాయిదాల మీద కొనకూడదమ్మా అని చెప్పా. సూది అనగానే నవ్వింది కూడా!"

"అక్కా?" అంది నర్సు.

అక్క తలుపుకి ఆనుకుని నిలబడింది. ఒక్క క్షణం తేలు కుట్టిన దొంగలా చూసింది. తర్వాత భళ్ళున బద్దలైంది.

"అవునే, కుళ్ళే! కుళ్ళుకున్నా! నా గౌన్లు కత్తిరించి నీకు కుట్టా చిన్నప్పుడు. నీ మొగుడు నడిరోడ్డున వదిలేస్తే ఈ గది ఇప్పించా. పగలు నువ్వు పడుకుంటే మిషన్ చప్పుడు కాకూడదని చేత్తో కుట్టా! ఇప్పుడు నువ్వు సొంతింటిదానివి. నేనేమో ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతూ ఈ కిటికీ దగ్గరే చావాలా? రోజూ ఫోటోలు! అక్కా, వంటగది చూడు. అక్కా, కిటికీలు చూడు. ఒక్కసారి, ఒక్కసారైనా నువ్వూ రా అక్కా అన్నావుటే?"

అక్క తలుపు గడియ పట్టుకుంది.

"వాయిదాలు నేనే కట్టేదాన్ని," అంది గొంతు తగ్గించి. "నీ చేత చిల్లిగవ్వ కట్టించేదాన్ని కాదు."

ఇన్‌స్పెక్టర్ కంప్లైంట్ కాగితం నర్సు ముందు పెట్టింది. పైన అంతా రాసి ఉంది. మోసం చేసిన మనిషి పేరు దగ్గర మాత్రం ఖాళీ.

"నాలుగుంబావు అయింది. రాస్తే ఇల్లుంటుంది. రాయకపోతే కేసే లేదు, నా దారిన నేను పోతాను. మీ ఇష్టం."

నర్సు పెన్ను తీసుకుంది.

"రాస్తావుటే? సొంత అక్క పేరు?"

నర్సు అక్క వైపు చూడలేదు. "బ్రోకర్ గారూ, రెండు బెడ్‌రూములెందుకని అడిగారు గుర్తుందా?"

"ఎందుకు లేదమ్మా. వందసార్లు అడిగా."

"రెండోది మా అక్కకి."

అక్క మెళ్ళోని టేపు గట్టిగా పట్టుకుంది.

"ముందే చెబితే నాకెందుకే, దండగ ఖర్చు, నేను రానంటుంది. నాచేత చిన్నిల్లు కొనిపిస్తుంది. అందుకే తాళం చేతికొచ్చాక చెబుదామనుకున్నా. ఆ కిటికీ ఫోటో నీకు రోజూ చూపించింది ఎందుకు? మిషన్ వేసుకోడానికి వెలుతురు బాగుందో లేదో నీ నోట విందామని."

"ముందే చెప్పి చావొచ్చు కదే..." అక్క నేల మీద కూలబడింది.

నర్సు రాసింది. రోజూ నరం చూసి సూది గుచ్చే చెయ్యి అది. అక్క పేరు, ఇంటిపేరుతో సహా రాసి కింద సంతకం పెట్టింది. కన్నీళ్ళు మాత్రం కాగితం మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

డాక్టర్ ఆ కాగితం తీసుకుని మెట్ల మీద పరుగెత్తాడు. బ్రోకర్ అతని వెనకే. "నా కారులో రావయ్యా, తొందరగా పోదాం!" అన్న కేక కింద నుంచి వినిపించింది.

నాలుగూ యాభైకి నర్సు ఫోన్ మోగింది. అక్క నడుం దగ్గరి సంచిలో మోగింది. అక్క తీసి చెవి దగ్గర పెట్టుకుంది, రోజూ అలవాటే కాబట్టి. విన్నది.

"బ్యాంకు ఒప్పుకుందట," అంది.

"నా ఫోన్ ఇటివ్వు."

ఇచ్చింది. నర్సు దాన్ని తన జేబులో పెట్టుకుంది.

"పదండమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "స్టేట్‌మెంట్ ఇద్దురుగాని. రాజీలూ గీజీలూ కోర్టులో చూసుకోండి."

అక్క గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఆ గది... ఇంకా ఉన్నట్టేనా?"

నర్సు సోఫా మీది ప్లాస్టిక్ కవరు మడత సరిచేసింది.

"ఆ గదిలో ఈ సోఫా పట్టదు," అంది చివరికి. "మిషనూ, మంచమూ వేస్తే ఇంక చోటుండదు. దీన్ని వెనక్కి తీసుకుపొమ్మని షాపువాడికి చెప్పు."

పొద్దుటి నుంచి ఆ ఇంటిని తలుచుకుని కుళ్ళుకుంటూనే ఉంది ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు మెట్లు దిగుతూ, కొలత టేపుతో కళ్ళొత్తుకుంటూ పక్కనే నడుస్తున్న ముద్దాయిని చూసి కుళ్ళుకుంది.