పెళ్లిచూపుల్లో వెలుగు వేగం

అమ్మాయికి పాటలొచ్చా అని అడిగే రోజులు పోయాయి కాబట్టి, గిరిబాబు "మీరేం పాఠం చెబుతారు?" అని అడిగాడు. అతను బిలాస్‌పూర్‌లో లోకో పైలట్.

నీలవేణి అదే ఊళ్లో, దయాల్‌బంద్ పేటలోని కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ టీచరు. "ఇప్పుడు రిలేటివిటీ నడుస్తోంది," అంది.

"అచ్ఛా! నాకూ తెలుసండి. రైలు స్పీడు పెరిగితే హెడ్‌లైటు వెలుగు స్పీడూ పెరుగుద్ది."

"పెరగదు. రైలు ఆగినా, పరిగెత్తినా వెలుగుది ఒకటే వేగం."

"ఏటి పెరగదు? ఇంజిన్లో కూర్చునేది నేనా, మీరా?"

"కుర్చీలో కూర్చున్నవాళ్లంతా వడ్రంగులేనా?"

గిరిబాబు చెవులు ఎర్రబడ్డాయి. నీలవేణి తల్లి కనకమహాలక్ష్మి పకోడీల పళ్లెం గబగబా మధ్యలోకి తోసింది. "ఏటే నీలా, ఈ లైటు గొడవేటి ఇప్పుడు?"

పకోడీలు ఎవరూ ముట్టలేదు. కబురు చేస్తామని పెళ్లివారు లేచారు.

కబురు రాలేదు. "పోతే పోయాడు," అంది నీలవేణి. కానీ ఆ ఎర్రటి చెవులు మాటిమాటికీ గుర్తొచ్చి ఆమెకే చిరాకేసింది.

మరుసటి వారం వానలో తడిసి ముద్దయి గిరిబాబే కోచింగ్ సెంటర్‌కి వచ్చాడు. క్లాసు అయిపోయి పిల్లలు అప్పుడే వెళ్లారు.

"మా లోకో షెడ్డులో అందర్నీ అడిగానండి. నాదే కరెక్టన్నారు."

"సైన్సుకి ఓట్లు లెక్కపెట్టరు."

"అందుకే వీడియోలు చూశాను. మీదే కరెక్ట్." కారుతున్న జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "అలా చూస్తూ గ్రావిటీ కాడికొచ్చి ఇరుక్కుపోయాను. భూమికి దగ్గరైతే టైము నెమ్మదిస్తాదట, నిజమేనా?"

"నిజమే. మేడ మీది గడియారం కిందిదానికన్నా వేగంగా నడుస్తుంది. తేడా మనకి తెలియనంత చిన్నది."

"మా రైల్వే క్వార్టర్ మూడో అంతస్తండి. మీ ఇల్లు కింద. మతలబ్ ఏటంటే, మీకన్నా ముందు నేను ముసలోణ్ణైపోతాను."

నీలవేణి నవ్వు బిగబట్టింది. "అయితే?"

"నాకిష్టం లేదండి. ముసలితనం ఇద్దరికీ ఒకేసారి రావాలి. మీరైనా పైకి రండి, నన్నైనా కిందికి దిగమనండి."

ఆమె బోర్డు వైపు తిరిగి, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. "మెట్లెక్కడం నాకు బద్ధకం. మీరే దిగండి."

ఆదివారం గిరిబాబు ఆమె తండ్రి చిన్నారావు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "కింది అంతస్తు క్వార్టర్‌కి అప్లై చేశానండి. మీ అమ్మాయినివ్వండి."

చిన్నారావుకి అనుమానం వచ్చింది. "ఈ వయసులో కింది అంతస్తేటి బాబూ? మోకాళ్ల నొప్పులేటి?"

వంటింట్లోంచి నీలవేణి పకపకా నవ్వింది.

"మోకాళ్లు బాగానే ఉన్నాయి నాన్నా. మనిషికే కొంచెం పిచ్చి. ఒప్పేసుకో!"