మూడు నీళ్ల డబ్బాలు

గట్టుకి కట్టేసిన ఆ పడవ ఇంట్లో మొదటి మూడు రోజులూ హాయిగానే గడిచాయి. పరాయి దేశం, అలలు లేని కాలవ, చేయడానికి ఏ పనీ లేని పొద్దు. టీచరమ్మ భర్తకి గుండె ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. ఇప్పుడే వద్దని కూతురు మొత్తుకున్నా, నీటి గాలికి మనిషి తేరుకుంటాడని ఆవిడే పట్టుబట్టి తీసుకొచ్చింది. ఆయనకి ఏమైనా అయితే కూతురి ముఖం ఎలా చూడాలన్నదే ఆవిడ గుబులు.

పడవ ఓనరమ్మ పక్క పడవలోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే రొట్టెల బుట్ట గట్టు మీద నుంచే అందిస్తుంది తప్ప లోపల అడుగు పెట్టదు. మనకేదో అంటురోగం ఉందనుకుంటోందని ఆయన నవ్వేవాడు. మొదటి రోజే ఆమె ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది. గదిలో ఎడమవైపున్న మూడు నీళ్ల డబ్బాలూ కదపొద్దని.

ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన టీచరమ్మకి కారణం చూడగానే తట్టింది. డబ్బాకి ఇరవై లీటర్లు, మొత్తం అరవై కిలోలు. కుడివైపు గ్యాసు బండ, దాని పక్కన కిటికీ కింద ఒక పేము కుర్చీ. బండ బరువుకి పడవ ఒరగకుండా ఈ పక్క ఇవి పెట్టారన్నమాట, తక్కెడ సూత్రమేనని భర్తకి విడమరిచి చెప్పింది.

"పాఠం అయిపోతే టీ ఇస్తావా, టీచరమ్మా?" అన్నాడాయన.

నాలుగో రోజు ఆయన కాలికి డబ్బా తగిలి తూలిపడబోయాడు. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. మూడింటినీ ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ గట్టు మీదికి చేర్చింది. లెక్క సరిపోవాలి కదా, గ్యాసు బండని గది మధ్యకి దొర్లించింది. అయినా పడవ కుడికి ఒరిగింది. బల్ల మీది మాత్రల సీసా కింద పడి, దొర్లుకుంటూ పోయి పేము కుర్చీ కాళ్ల దగ్గర ఆగింది.

కుర్చీ ఖాళీ. కూర్చునే చోట అల్లిక మాత్రం కిందికి దిగి ఉంది. పాతది కదా అనుకుంది.

మర్నాడు గట్టు మీద డబ్బాలు చూసి ఓనరమ్మ బుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మీ ఆయన ఏ పక్క పడుకుంటారని అడిగింది. ఎడమ పక్కనని చెబితే, బుట్ట అక్కడే దించేసి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. గది నిండా తడిసిన ఉన్ని వాసన, బురద వాసన. ఆయన ఎడమవైపు మంచం మీద గోడ వైపు తిరిగి కునుకు తీస్తున్నాడు. గది మధ్యలో కూరగాయలు తరుగుతూ టీచరమ్మ గమనించింది. ఆయన పడుకున్నాక పడవ సమంగా నిలిచింది. కుడివైపున్న బరువుకి ఆయన బరువు సరిపోయిందన్నమాట.

ఆయన బరువు అరవై కిలోలు.

కత్తి ఆగిపోయింది. కుడివైపున్నది ఖాళీ కుర్చీ ఒక్కటే...

కిర్రుమని పేము చప్పుడు.

పడవ మెల్లగా ఎడమకి ఒరిగింది. సీసా మళ్లీ పడింది. ఈసారి ఆయన వైపు దొర్లింది... దొర్లింది... మంచం కోడుకి తగిలి ఆగింది. ఆయన వీపు వెనక పరుపు నెమ్మదిగా కుంగింది.

"ఏమండీ," గుసగుసగా పిలిచింది. "లేవండి."

"ఇలా ఆనుకుని కూర్చుంటే ఎలా లేవనే?" కళ్లు తెరవకుండానే అన్నాడాయన.

పెట్టెలు వదిలేసి ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. గట్టుకి వేసిన చెక్క మీద ముందు తను దాటింది. చెక్క కాస్తే వంగింది. తర్వాత ఆయన. ఆపరేషన్ తర్వాత సగమైపోయిన మనిషి. ఆయన కింద చెక్క నీళ్లని తాకింది.

ఓనరమ్మ గట్టు మీదే ఉంది. పడవ వైపు చూసింది. నీళ్ల మీద పళ్లెంలా సమంగా తేలుతోంది. ఆమె ఒక్కొక్క డబ్బా మూతా తీసి, మూడింటినీ కాలవలోకి ఒంపేసింది. ఆపైన మొదటిసారిగా చెక్క దాటి లోపలికి వెళ్లింది. పేము కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చోవడం కిటికీలోంచి కనిపించింది.

టీచరమ్మ వెనక్కి తిరిగింది. ఆయన దారి పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మధ్యలో కాదు, బాగా ఈ చివరకి జరిగి. పక్కన బోలెడు చోటుంది. ఆవిడ వెళ్లి అక్కడ కూర్చోబోయింది.

"అక్కడొద్దు," అన్నాడాయన, భుజం రుద్దుకుంటూ. "నువ్వు ఇటు రా."