పాట దాటిన బొమ్మలు

ఆ ఏటి వానకు గుర్రాలవాగులో ఏనుగే కొట్టుకొచ్చిందంటారు. ఏనుగు మాటకేం గానీ, డోలు చట్రం కొట్టుకొచ్చిన మాట మాత్రం నిజం. దాన్ని చూడగానే ముసలి గంగులు మొలలోతు నీళ్ళలోకి దూకాడు.

“మా అన్న డోలే ఇది! పడిగె ఈ వాగు పైనే ఎక్కడో ఉందర్రా!”

పడిగె అంటే కొండవాళ్ళ పెద్దల కథను బొమ్మలుగా కుట్టిన పొడవాటి గుడ్డ. దాన్ని బొమ్మ బొమ్మగా విప్పుతూ, డోలు కొడుతూ ఆ కథను పాటగా పాడతారు. సముద్రం దాటొచ్చిన దొరలు కొండభాష పలికితే కొరడా అన్నారు. డోళ్ళు తగలబెట్టారు. అప్పుడే గంగులు వాళ్ళ అన్న తన డోలునూ పడిగెనూ ఒకేచోట ఎక్కడో దాచి, ఆ చోటు చెప్పకుండానే ఉరికంబం ఎక్కాడు. ఇక ఆ పాట మొత్తం వచ్చినవాడు గంగులు ఒక్కడే. మేనకోడలు ముత్తికి సగమే వచ్చు. తక్కిన సగం అడిగితే, “గుడ్డ ఎదురుగా లేకుండా పాడితే పెద్దలు దారి తప్పుతారే” అని నోరు బిగించేవాడు.

ముత్తి, ఆమె మొగుడు ఎర్రడు, గంగులు వాగు వెంట ఎక్కారు. జలపాతం వెనుక గుహ నోరు కనిపించింది. లోపల గబ్బిలాలు మేకపిల్లలంత ఉన్నాయట. నమ్మలేకపోతే సగానికి తగ్గించుకోండి. గుహ చివర, బండ చాటున, మైనంతో మూతి మూసిన వెదురు గొట్టం! అందులో పడిగె, రంగు చెదరకుండా ఉంది.

గంగులు పాట ఎత్తుకున్నాడు. అతడు పాడుతుంటే ముత్తి బొమ్మ తరువాత బొమ్మ విప్పసాగింది. తనకు వచ్చిన భాగం ఇంకా కొంత ఉండగానే బయట కుక్కలు మొరిగాయి. చట్రం దొరికిన కబురు దొర బంట్లకూ అందింది మరి!

“చుట్టెయ్యే! ఆ పైబిలంలోంచి ఎక్కిపొండి!”

“నువ్వో మామా?”

“నన్ను మోస్తే నీ మొగుడి నడుం విరుగుద్ది. అదసలే అంతంతమాత్రం.”

“మిగతా పాటన్నా చెప్పు మామా!”

గంగులు చుట్టేసిన గుడ్డ వంక చూశాడు.  బయట తుపాకీ పేలింది. ఎర్రడు ముత్తిని బిలంలోకి లాగాడు.

అప్పుడు పాడాడు గంగులు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గుడ్డ ఎదురుగా లేకుండా, మిగిలిన పాటంతా గొంతు చించుకుని పాడుతూ బంట్లకు ఎదురు నడిచాడు. రాళ్ళు పట్టుకుని పైకి పాకుతున్న ముత్తి చెవి రిక్కించింది. మామ గొంతు వినిపిస్తోంది గానీ జలపాతం హోరులో ఒక్క మాటా తెలియడం లేదు. మరో తుపాకీ మోత. తరువాత హోరు ఒక్కటే మిగిలింది.

దొరలు వెళ్ళిపోయాక ఏటేటా జాతరలో ముత్తి పడిగె విప్పేది. తనకు వచ్చినంతా పాడేది. అక్కడ డోలు ఆగేది. పాట లేకుండా గుడ్డ విప్పకూడదన్న ఆచారాన్ని తప్పి, మిగిలిన బొమ్మలు కూడా ఒక్కొక్కటిగా విప్పి చూపేది.

“ఈ గుర్రం మీదాయన ఎవరవ్వా?” అని పిల్లలు అడిగేవారు.

“మనోడేరా” అనేది ముత్తి. అంతకు మించి ఆమెకు తెలియదు.